పలుపు లేకుండా అమ్మిన కార్డు

భద్రాచలం అవతల, ఆశ్రమ పాఠశాల క్వార్టర్లు
15 జూన్ 2025

బాపూ,

బడి తెరిచారు. పిల్లలు సగమే వచ్చారు. విత్తనాలు పెట్టడం అయ్యాక మిగతావాళ్ళు వస్తారట. అప్పటిదాకా కంప్యూటర్ సారుకు పెద్ద పని లేదు. పిల్లలు అమ్మల కోసం ఏడుస్తుంటే నాకు యాడి గుర్తొస్తోంది. మోకాలికి నేను తెచ్చిన నూనె రాసుకుంటోందా, అలమరలో దాచిందా?

ఒక పని చేసిపెట్టాలి. ఆర్టీసీ కార్గోలో ఒక అట్టపెట్టె పంపాను. ఖమ్మం బస్టాండులో తీసుకో. అందులో నా కంప్యూటర్ గ్రాఫిక్స్ కార్డు ఉంది. తెర మీద బొమ్మ కదలాలంటే, ముఖ్యంగా ఆటలు ఆడాలంటే, బరువంతా అదే లాగాలి. దానికి కరెంటు అందించే మూడు తోకల వైరు కూడా పెట్టెలోనే ఉంది. ఈ కార్డులు చేసే పెద్ద కంపెనీలు రెండు. రంగులను బట్టి ఒకదాన్ని ఆకుపచ్చ కంపెనీ అని, రెండోదాన్ని ఎర్ర కంపెనీ అని అంటాం. నాది ఆకుపచ్చది. దాన్ని అమ్మి, ఖమ్మంలో జావీద్ దుకాణంలో ఎర్రది తీసుకోవాలి.

ఇక్కడ సిగ్నల్ లేదు కాబట్టి ఆన్‌లైన్లో పెట్టి అమ్మలేను. మీసం రాకముందు నుంచి నువ్వు ఎడ్ల బేరాలు కుదురుస్తున్నావు. నీ మాట మీద కళ్ళు మూసుకుని కొనేవాళ్ళున్నారు. ఆదివారం భద్రాచలం వెళ్ళినప్పుడు ఫోనులోనే చెప్పేవాణ్ణి. కానీ యాడి స్పీకరు పెడుతుంది, నా బేరం తండా అంతా వింటుంది. బేరం మాట ఫోనులో వద్దు, రాసి పంపమని నువ్వే కదా అన్నావు. అందుకే ఈ జాబు కండక్టరు చేతికి ఇస్తున్నాను.

దేవ్లా

*

తిరుమలాయపాలెం మండలం, మన తండా
22 జూన్

దేవ్లాకు బాపు చెప్పేది,

తిన్నాం, తిరుగుతున్నాం. నూనె అలమరలోనే ఉంది.

పెట్టె తెరిచి చూశాను. మనిషి చేతికి బరువు తెలుస్తోంది. మూడు పంకాలున్నాయి, వేలితో తిప్పితే మూడూ తిరిగాయి. అడుగు అంచున బంగారు రంగు పళ్ళ వరస ఉంది. ఒక్క పన్ను కూడా అరగలేదు. వయసు మీద పడ్డదానిలా లేదు. మీ యాడి దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి బియ్యం డబ్బా పక్కన పెట్టింది.

ఎవరిది అమ్మిపెట్టినా ముందు నాలుగు మాటలు అడుగుతాను. కొడుకువని నిన్ను వదలను. ఎన్ని చేతులు మారింది? బరువు లాగుతుందా, మధ్యలో కూలబడుతుందా? కొత్త మనిషిని చూస్తే బెదురుతుందా? దాని ఐబు ఏంది? ఏదో ఒక లోపం లేని పశువు ఉండదు. ముందే చెప్పి అమ్మితే తప్పు కాదు, దాచి అమ్మితే తప్పు. నేను కుదిర్చిన బేరంలో కొన్నవాడు తిరిగొచ్చి పశువును నా ముంగిట కట్టేసిపోవడం ఇంతవరకు జరగలేదు. చెల్క భూమి కాకుండా నాకున్న ఆస్తి ఆ ఒక్క పేరే.

మంచిగా ఉన్నదాన్ని ఎందుకు అమ్ముతున్నావో రాయి. మొక్కజొన్న పెట్టాలి. ఒక ఆదివారం దుక్కికి రా.

భీమ్లా

*

29 జూన్

బాపూ,

కార్డులో ఏ ఐబూ లేదు. కొన్నదీ వాడిందీ నేనే. బెదరదు.

సంగతి వేరే ఉంది. నా కంప్యూటర్లో విండోస్ లేదు, లినక్స్ ఉంది. విండోస్ ఒక కంపెనీ సొత్తు. లినక్స్ అందరిదీ. దాని లోపల రాసిన ప్రతి అక్షరం ఎవరైనా చదవొచ్చు, నచ్చినట్టు మార్చుకోవచ్చు. ఆకుపచ్చ కార్డును నడిపే ప్రోగ్రాంను డ్రైవర్ అంటారు. దాన్ని కంపెనీ విడిగా ఇస్తుంది, అందులో చాలా భాగం మూసి ఉంటుంది. నేను లినక్స్‌ను అప్‌డేట్ చేసినప్పుడల్లా నా మిషన్లో ఆ రెండింటికీ పొసగడం లేదు. తెర నల్లబడుతుంది. ఒక రకంగా కార్డు అలుగుతుందనుకో. దాన్ని బతిమాలి దారికి తెచ్చేసరికి నా ఆదివారం అయిపోతుంది. ఎర్ర కార్డు డ్రైవరు లినక్స్‌తో కలిసే వస్తుంది. పెట్టగానే నడుస్తుందని వాడినవాళ్ళంతా అంటున్నారు.

ఇది ఆట కోసం చేస్తున్న పని అనుకోవద్దు. ఇది స్వేచ్ఛకు సంబంధించిన విషయం.

దుక్కికి రావాలనే ఉంది. కానీ ఆదివారాలు భద్రాచలం వెళ్ళి, సిగ్నల్ ఉన్నచోట కూర్చుని, అప్‌డేట్లు పెన్‌డ్రైవ్‌లో దించుకుని రావాలి.

దేవ్లా

*

10 జూలై

దేవ్లాకు,

కార్డు అమ్మేశాను. ఆ సంగతి చివర రాస్తాను.

నీ జాబు మీ యాడికి కూడా చదివి వినిపించాను. ఆమె ఒకటే అడిగింది. అప్‌డేట్ చేస్తేనే తెర నల్లబడితే, చేయకపోతే ఏమవుతుందని. నువ్వు ఆ ముక్క రాయలేదు. ఏమీ కాదనుకుంటాను. అంతదూరం పోయి ఆ బాధను పెన్‌డ్రైవ్‌లో మోసుకొస్తున్నావు.

లోపల రాసింది ఎవరైనా చదవొచ్చన్నావు. నువ్వు చదివావా? ఒక ఇంట్లో మంచిగా ఉండి ఇంకో ఇంట్లో అలిగే పశువు ఉంటే మేము పశువును చూడం, ఇంటిని చూస్తాం. సరే, చదువుకున్నవాడివి.

నువ్వు రాసినట్టే వచ్చినవాళ్ళందరికీ ముందే చెప్పాను, ఇది అలుగుతుందని. నలుగురు వచ్చి చూసి పోయారు. తరువాత తిరుమలాయపాలెంలో పెళ్ళిళ్ళ వీడియోలు తీసే వీరన్న వచ్చాడు.

“అలుగుతదా? ఎవల మీద?” అన్నాడు.

“లినక్సు మీద.”

“గది మా ఇంట్ల లేదు.”

“అయితే మీ ఇంట్ల మంచిగుంటది. తువ్వాల కింద చెయ్యి వెట్టు.”

అతను ఫోనులో లెక్కలు వేయబోయాడు. ఫోను పక్కన పెట్టించి, తువ్వాలు కప్పి, వేళ్ళు పట్టి బేరం తెంపాను. ఎంతకు తెగిందో నీకు కూడా రాయను. తువ్వాలు కింద మాట అక్కడే ఉండాలి. ఎర్రదానికి సరిపోతుంది. మీ యాడి కార్డుకు బొట్టు పెట్టి సాగనంపింది. రివాజు ప్రకారం ఇవ్వాల్సింది ఇచ్చాను, ఉంచుకోవాల్సింది ఉంచుకున్నాను.

నువ్వు ఆడే ఆట ఏమిటని మీ యాడి పోయిన ఆదివారం ఫోనులో అడిగిందట కదా. వ్యవసాయం ఆట అని చెప్పావట. ట్రాక్టరు ఎక్కి దున్నుతావట. ఇక్కడ నేనూ ఎడ్లూ దున్నడం అయిపోయింది.

భీమ్లా

*

14 జూలై

బాపూ,

ఆటలో దున్నడం వేరు. అక్కడ వాన మనం పెట్టినప్పుడు పడుతుంది.

నీ జాబు చదివి క్వార్టర్లలో అందరికీ చాయ్ పోయించాను. ఎర్ర కంపెనీ స్టిక్కరు భద్రాచలంలో దొరికింది, కంప్యూటర్ డబ్బాకు అంటించాను. కార్డు లేదు కాబట్టి ప్రస్తుతానికి స్టిక్కరు చూస్తున్నాను. మా లినక్స్ గ్రూపులో నేను మారుతున్నట్టు ప్రకటించాను. ఆకుపచ్చవాళ్ళు ఇద్దరు కోపంతో గ్రూపు వదిలిపోయారు. పోనీ. ఇంకా ముగ్గురం ఉన్నాం.

కావలసిన కార్డు పేరు చీటీ మీద రాసి ఇందులో పెట్టాను. అది జావీద్‌కు చూపిస్తే చాలు. అక్కడ ప్రతి డబ్బా మీద ధర అంటించి ఉంటుంది. తువ్వాలు వద్దు.

నేను అప్‌డేట్ ఎందుకు చేస్తానో యాడికి వచ్చినప్పుడు చెబుతాను. రాస్తే అర్థం కాదు.

దేవ్లా

*

24 జూలై

దేవ్లాకు,

ఎర్రది కొన్నాను. జావీద్ మర్యాద తెలిసిన పిల్లగాడు. తువ్వాలు తీస్తే నవ్వాడు. “భీమ్లా చాచా, గిది షాపు, సంత గాదు. ధర గా డబ్బ మీదనే ఉన్నది సూడు” అన్నాడు. “సూసిన బిడ్డా. చెయ్యి వెట్టు” అన్నాను. పెట్టాడు. డబ్బా మీద ఉన్నదానికన్నా తక్కువకే తెగింది. దుకాణంలో ఉన్న పిల్లలు మమ్మల్ని ఫోనులో వీడియో తీశారు.

ఇంకో మాట. అది రాయడానికే కూర్చున్నాను.

నిన్న వీరన్న వచ్చాడు. కార్డు నడవడం లేదట. ఖమ్మంలో ఎక్కడో ఒక వైరు తెచ్చి పెట్టాడట, వెలిగి వెంటనే ఆరిపోయిందట, వైరు కాలిన వాసన వచ్చిందట. రెండు పెళ్ళిళ్ళ వీడియోలు ఆగిపోయాయి. పెళ్ళివాళ్ళు ఆయన ఇంటి మీదికి వస్తున్నారు. “నువ్ మంచోనివని కొన్న. వాపసు తీస్కో” అన్నాడు. వాకిట్లో అన్నాడు, మెల్లగా కూడా అనలేదు. పక్కింటివాళ్ళు బయటికి వచ్చి నిలబడ్డారు.

నేను మా పెద్దమనిషి లాలు నాయక్ దగ్గర కూర్చుందామన్నాను. నీ జవాబు వచ్చాక, ఆగస్టు 3 ఆదివారం కూర్చుంటాం. దానికి ఐబు ఉందా లేదా? లేదని రాశావు. ఉంటే ఇప్పుడైనా చెప్పు. కార్డు వెనక్కి తీసుకోవడం పెద్ద పని కాదు. తీసుకున్నాక నేను సంతలో ఎవరి ముందు చెయ్యి చాపి తువ్వాలు కప్పాలి?

భీమ్లా

*

27 జూలై
(పార్సిల్లో పెట్టిన చీటీ)

దేవ్లాకు,

ఎర్ర కార్డు పంపుతున్నాను. దీనితో జావీద్ ఏ వైరూ ఇవ్వలేదు. అతనికి కూడా రివాజు తెలుసన్నమాట, సంతోషం.

నీ పాత కార్డు మూడు తోకల వైరును అమ్మేరోజే తీసి కొట్టంలో మేకుకు తగిలించాను. పశువుతో పాటు పలుపు ఇస్తే కొట్టంలోని కలిమి దాని వెంట పోతుంది. కొన్నవాడు తన పలుపు తెచ్చుకోవాలి. కొత్త పశువు మెడలో మన పలుపే పడాలి. అందుకే అదే వైరు దీనితో పెట్టాను. మీ యాడి పసుపు దారం కట్టింది. విప్పకు.

బాపు

*

28 జూలై

బాపూ,

నీ 24వ తేదీ జాబు అందింది. గోదావరి పెరుగుతోంది, రేపటి నుంచి బస్సు ఉండదంటున్నారు. అందుకని తొందరగా రాస్తున్నాను. పార్సిలు ఇంకా రాలేదు.

కార్డుకు ఐబు లేదు. వీరన్నకు ఉంది. కంపెనీ ఇచ్చిన అసలు వైరు పెట్టెలో ఉండగా అతను ఖమ్మంలో ఇంకో వైరు ఎందుకు కొన్నాడు? ఆలోచించు. అసలుదాన్ని ఎవరికో అమ్ముకుని, చవక వైరు పెట్టి, కార్డును కాల్చి, నీ నెత్తిన రుద్దుతున్నాడు. పెళ్ళిళ్ళ వీడియోలో పాట ఎక్కించి మనిషిని పూలలోంచి నడిపించేవాడికి ఇదొక లెక్క కాదు. వెనక్కి తీసుకోవద్దు. పెట్టెలో ఉన్న ప్రతిదీ ఇచ్చామని పెద్దల ముందు గట్టిగా చెప్పు. కావాలంటే ఈ జాబు చదివి వినిపించు.

దేవ్లా

*

4 ఆగస్టు

దేవ్లాకు,

చదివి వినిపించాను.

లాలు నాయక్ ముంగిట అందరూ కూర్చున్నారు. వీరన్న తమ్ముళ్ళు కూడా వచ్చారు. పూలలోంచి నడిపించే దగ్గరికి వచ్చేసరికి లాలు నాయక్ ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. వీరన్న లేచాడు.

“ఏ వైరు? నాకు వైరే ఇయ్యలె. అడిగితే నీది నువ్వు తెచ్చుకో అన్నడు.”

అందరూ నా వైపు చూశారు. నేనేం దాచలేదు. “పశువుతోని పలుపు ఎవడన్న ఇస్తడా?” అన్నాను. మగవాళ్ళంతా తలలూపారు. బేరం నా వైపే ఉందనుకున్నాను. అప్పుడు మా పెద్దత్త సక్రి వీరన్నను పిలిచింది.

“ఇగో పిల్లగా, గా వైరుల ఏం పోతది?”

“కరెంటవ్వా. గదుంటెనే కార్డు నడుస్తది.”

“అవ్? అయితే అది పలుపు గాదు, గొంతు. గొంతు కోసి అమ్మినవ్ రా భీమ్లా.”

ఎవరూ నవ్వకుండా ఉంటే బాగుండేది. పలుపా గొంతా అని మాట్లాడుకుంటుంటే చాయ్ రెండుసార్లు వచ్చింది. పలుపు తీసినా పశువు మేస్తుంది, ఈ వైరు తీస్తే మేయదు కాబట్టి పలుపు కాదని లాలు నాయక్ తేల్చాడు. వచ్చే సంత ఆదివారం. ఆ లోపు వైరు వీరన్న చేతికి రావాలి. రాకపోతే అతను కార్డు తెచ్చి నా ముంగిట కడతాడు.

వైరు నీ పార్సిల్లో ఉంది. పార్సిలు ఎక్కడుందో నాకు తెలియదు. గోదావరి ఇంకా దిగలేదని టీవీలో చెబుతున్నారు. నేను ఎడ్లకు మేత వేసి కూర్చున్నాను.

భీమ్లా

*

భద్రాచలం బస్టాండు
8 ఆగస్టు

బాపూ,

నీళ్ళు తీశాక మొదటి బస్సులో నీ పార్సిలూ నీ జాబూ ఒకేసారి వచ్చాయి. ముందు పార్సిలు విప్పాను. పసుపు దారంతో వైరు కనిపించింది. నీ చీటీ చదివాను. తరువాత జాబు చదివాను. బడి బియ్యం దించి వెనక్కి పోతున్న లారీ ఎక్కి ఇక్కడికి వచ్చాను.

వైరును పాలిథిన్ సంచిలో చుట్టి, ఈ జాబుతో కలిపి ఖమ్మం బస్సు కండక్టరుకు ఇస్తున్నాను. దారం విప్పలేదు. ఎర్ర కార్డుకు ఈ వైరుతో పనే లేదు. దానికి మామూలు తీగలే సరిపోతాయి. ఆ కార్డు పెట్టె ఇంకా తెరవలేదు.

నా జాబు ఎంత చదివావో రాయలేదు. మొత్తం చదివి ఉంటావు. తప్పు నాదేనని వీరన్నకు విడిగా ఒక కాగితం రాసి పెట్టాను. దాన్ని కూడా లాలు నాయక్ ముంగిట్లోనే, అందరూ ఉండగా చదువు. రెండోసారి చదవమన్నా చదువు.

దేవ్లా

*

15 ఆగస్టు

బాపూ,

జెండా వందనం అయింది. మధ్యాహ్నం సెలవు. సంత ఏమైందో తెలియక రాస్తున్నాను.

ఎర్ర కార్డు పెట్టాను. తెర నల్లగా వచ్చింది. ముందు వరదలో తడిసిందనుకున్నాను, తరువాత జావీద్‌ను అనుమానించాను. ఈసారి ఎవరికీ జాబు రాయలేదు. కూర్చుని చూస్తే, ఆకుపచ్చ కార్డు డ్రైవరును నేను తీసేయడం మరిచిపోయాను. పాతదాని మెడతాడు కొత్తదాని మెడకు వదిలేశానన్నమాట. అది తీసేస్తే నడిచింది.

చాలా బాగా నడుస్తోంది. గోధుమ చేను గాలికి ఊగితే ప్రతి వెన్నూ విడిగా కనిపిస్తోంది. రెండు పూటలు దున్నాను. ఇప్పుడు ఆదివారం చేయడానికి పనేమీ లేదు. అప్‌డేట్ చేశాను, దానికీ ఏమీ కాలేదు. కొంచెం వెలితిగా ఉంది. ఈ లినక్స్ తీసేసి ఇంకో రకం లినక్స్ పెట్టి చూద్దామా అనుకుంటున్నాను.

లేకపోతే దుక్కికి వస్తాను.

దేవ్లా

*

24 ఆగస్టు

దేవ్లాకు,

మీ యాడి నూనె సీసా మూత తీసింది. సగం సక్రి పెద్దత్తకు ఇచ్చింది.

వైరు సంత ముందురోజు చేరింది. నేనే తీసుకుపోయి వీరన్నకు ఇచ్చాను. నడిచిందని అతను చెబితే చాలదని, కళ్ళతో చూడాలని లాలు నాయక్ అన్నాడు. అందరం వీరన్న స్టూడియోలో కింద కూర్చుని, ఎవరిదో ముక్కూమొహం తెలియనివాళ్ళ పెళ్ళి మొదటి నుంచి చివరిదాకా చూశాం. కార్డు ఒక్కసారి కూడా అలగలేదు. భోజనాలు సరిగ్గా చూపించలేదని పెద్దలు అన్నారు. ఆ తరువాత నీ కాగితం చదివాను. వీరన్న రెండోసారి చదవమనలేదు. “సారు పిల్లగాడు, రాత మంచిగున్నది” అన్నాడు.

పసుపు దారం విప్పి ఉంచుకున్నాను. మేకు ఖాళీగా ఉండకూడదు కాబట్టి బదులు ఒక పలుపు ఇమ్మని అడిగాను. వీరన్నకు గొడ్డూ గోదా లేవు. ఖమ్మంలో కొన్న ఆ కాలిన వైరు ఇచ్చాడు. దారం దానికే కట్టి మేకుకు తగిలించాను. ఎడ్లు దాన్ని వాసన చూసి తలలు తిప్పుకుంటున్నాయి.

మొత్తానికి కార్డు వెనక్కి రాలేదు. వైరే ముందుకు పోయింది. సంతలో ఎవరైనా అడిగితే ఇదే మాట చెబుతున్నాను. అడుగుతున్నారు.

ఎడ్లు అమ్మిపెట్టమని ఈ నెలలో ఎవరూ రాలేదు. జావీద్ దుకాణంలో తీసిన వీడియో చూశారట, కార్డు అమ్మిపెట్టమని నేలకొండపల్లి నుంచి ఒకడు వచ్చాడు. అతనిది ఎర్రది. దాన్ని అమ్మి ఆకుపచ్చది కొనిపెట్టాలట. ఐబు ఏందని అడిగాను. లినక్స్‌లో అలుగుతుందన్నాడు. ఇది ఆట కోసం కాదని కూడా అన్నాడు. నేను నీ సంగతి అతనికి చెప్పలేదు, అతని పేరు నీకు రాయను.

దుక్కి ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు కలుపు ఉంది. రా.

అతని పెట్టె బియ్యం డబ్బా పక్కనే ఉంది. ఈసారి వైరు ఇచ్చేస్తాను. పెట్టెకు కట్టి తెచ్చిన సుతిలి తాడు మాత్రం విప్పి ఉంచుకున్నాను.

భీమ్లా